పదిహేడో పన్ను

మా షాపులో లేత్ మిషన్ పక్క గోడకు ఒక మేకుంది. నూనె కాగితంలో చుట్టిన స్ప్రాకెట్ ఒకటి దానికి వేలాడుతుంటుంది. 17 పళ్ళది. నా బుల్లెట్టుకు గేరుబాక్సు దగ్గర ఇప్పుడున్నది 16 పళ్ళది. ఆ ఒక్క పన్ను గురించే ఈ రాతంతా. రవాణా శాఖ వాళ్ళు కంగారు పడనక్కర్లేదు, ఇది కట్టే పన్ను కాదు. ఆ పన్ను సంగతి కూడా తరవాత వస్తుందనుకోండి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ పని, లేత్ పని చేస్తాను. వయసు అరవై దాటింది. పదో తరగతి తప్పి హెల్పరుగా చేరినవాణ్ణి. మైక్రోమీటరు పట్టుకుంటే వణకని చెయ్యి పెన్ను పట్టుకుంటే వణుకుతోంది. అయినా రాస్తున్నాను. అమెరికాలో ఉప్పు నేల మీద పాత మోటారు సైకిళ్ళను గడియారంతో పందెం వేసి పరిగెత్తిస్తారు. అలాంటి బండిని తయారు చెయ్యడానికి కావలసిన పనితనం మా సందుల్లో ఉంది. పరిగెత్తించడానికి నాలుగు కిలోమీటర్ల తిన్నటి దారి కూడా మన రాష్ట్రంలోనే ఉంది. లేనిదల్లా ప్రభుత్వం సంతకం పెట్టిన ఒక్క కాగితం.

ముందు బండి సంగతి చెప్పనివ్వండి.

1968 మోడలు బుల్లెట్, 350. మా మేనమామది. ఆయనది దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. ధాన్యం బేరాల మీద అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి తిరగడానికి కొన్నాడు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ఆ రాత్రి గురించి కృష్ణా జిల్లాలో తెలియని ఇల్లు లేదు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మామయ్య వాళ్ళు పక్కింటి డాబా ఎక్కి బతికారు. బండి మూడో రోజున తుమ్మ కంపలో కనబడింది, చక్రాలు పైకీ హ్యాండిలు కిందికీ. ఊళ్ళో పీనుగులకు దహనాలు జరుగుతుంటే బండి మాట ఎత్తడానికి కూడా ఆయనకు సిగ్గేసిందట. అందుకే ఆరు నెలలు పశువుల కొట్టంలో పడేసి, ఆ తరవాత లారీ మీద మా గురువుగారి షెడ్డుకు పంపాడు. నేను అప్పటికి హెల్పరుగా చేరి రెండు నెలలు.

గురువుగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. ఇంజను ముట్టుకోలేదు. "ముందు దీనికి స్నానం చేయించండ్రా" అన్నారు. నేనూ ఇంకో కుర్రాడూ బందరు కాలువ నుంచి కడవలతో నీళ్ళు మోసి పోశాం. అల్యూమినియం కేసుల మీద ముగ్గు పిండిలాంటి తెల్లటి పొడి పూసింది. గోకితే గుంటలు. కిక్కు మీద నేను ఎక్కి గెంతినా కదల్లేదు. సిలిండరు ఇనుము, పిస్టను అల్యూమినియం, రెండూ ఉప్పుతో కలిసి అతుక్కుపోయాయి. హెడ్డు తీసి, లోపల కూడా మంచినీళ్ళు పోసి, వంచి, ఆరబెట్టి, అప్పుడు కిరసనాయిలు పోసి వదిలేశారు. పన్నెండో రోజున చెక్క దిమ్మ పెట్టి సుత్తితో తట్టితే పిస్టను వెంట్రుకవాసి కదిలింది.

"ముందు మంచినీళ్ళు, ఆ తరవాతే నూనె. ఉప్పు మీద నూనె పోశావంటే, దొంగను లోపల పెట్టి తాళం వేసినట్టే" అన్నారాయన. ఆ మాట నేను 2024 సెప్టెంబరులో మళ్ళీ పనికి తెచ్చుకున్నాను. బుడమేరు సింగునగరు మీద పడ్డప్పుడు నీళ్ళు తాగిన బండ్లు మా రోడ్ల మీద బారులు తీరాయి. అది ఉప్పు నీరు కాదు, బురద నీరు. అయినా వరస అదే: కడుగు, ఆరబెట్టు, అప్పుడు నూనె. ఓపిక పట్టక స్టార్టు చేసినవాళ్ళ కనెక్టింగు రాడ్లు వంగిపోయి నా బల్ల మీదికి వచ్చాయి. నీరు నలగదు కదా, పిస్టను పైకొస్తే రాడ్డే వంగాలి.

మామయ్య పోయాక బండి నాకొచ్చింది.

ఉప్పు నేల పందేల సంగతి నాకు ఎక్కించింది మా షాపుకు పాత యెజ్డీ తెచ్చే ఒక కుర్రాడు. ఫోనులో ఒక సినిమా పెట్టి ఇచ్చాడు. 2005లో వచ్చిందట, పేరు 'ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్'. పేరు చూసి మనవాడెవడో అనుకున్నాను. తీరా చూస్తే మనిషిది న్యూజీలాండు, బండి పేరు ఇండియన్! అమెరికా కంపెనీది. బర్ట్ మన్రో అనే ఆయన 1920లో ఆ ఇండియన్ స్కౌట్ కొన్నాడు. 600 సీసీ, గంటకు సుమారు 55 మైళ్ళు పోయే బండి. దాన్నే జీవితమంతా విప్పాడు, బిగించాడు. పిస్టన్లు ఇంటి వెనక షెడ్డులో పాత డబ్బాల్లో పోత పోసుకున్నాడు. కనెక్టింగు రాడ్లు క్యాటర్‌పిల్లర్ ట్రాక్టరు ఇరుసు ఉక్కును చెక్కి చేసుకున్నాడు. 1967 ఆగస్టులో, 68 ఏళ్ళ వయసులో, అమెరికాలో యూటా రాష్ట్రం బొన్నెవిల్ ఉప్పు నేల మీద 950 సీసీ దాకా పెంచిన అదే ఇంజనుతో రికార్డు కొట్టాడు. అప్పట్లో 183.586 మైళ్ళని రాశారు. ఆయన 1978లో పోయాడు. లెక్కలో పొరపాటుందని ఆయన కొడుకు గమనిస్తే 2014లో సరిచేసి 184.087 అన్నారు. మన లెక్కలో గంటకు 296 కిలోమీటర్లు.

సినిమా చూస్తున్నంతసేపూ నాకు కథ మీద ధ్యాస లేదు, ఆయన షెడ్డు మీదే. పాడైన పిస్టన్లూ రాడ్లూ అన్నీ ఒక అలమరలో పేర్చి, వేగ దేవుడికి నైవేద్యమని పైన రాసి పెట్టుకున్నాడు. మా షాపులోనూ పాడైన పిస్టన్లుంటాయి, గోనె సంచిలో. అవి మాత్రం పాత ఇనుము వాడికి నైవేద్యం.

ఆ కుర్రాణ్ణే పట్టుకుని బొన్నెవిల్ నిబంధనల్లో ముఖ్యమైనవన్నీ చదివించుకున్నాను, తెలుగులో చెప్పమని. నేను అక్కడికి వెళ్ళేది లేదు. కానీ వెళితే తిప్పి పంపకుండా ఉండేలా నా బండి ఉండాలని పట్టుపట్టాను. అదే అసలు పని అని అప్పుడు తెలిసింది. జనం అనుకుంటారు, వేగానికి బండి తయారు చెయ్యడమంటే సైలెన్సరు పీకేసి శబ్దం పెంచడమని. సగానికి సగం పని ఆగడానికీ, ఊడకుండా ఉండడానికీ.

ఒక చిన్న వస్తువు చెప్తాను. టైరు వాల్వు మూత. ప్లాస్టిక్ మూత పనికిరాదు, ఇనుపదో ఇత్తడిదో ఉండాలంటారు. ఎందుకో మొదట అర్థం కాలేదు. ఆలోచిస్తే తెలిసింది: చక్రం అంత వేగంగా తిరిగినప్పుడు వాల్వు లోపలి సన్నటి పిన్ను టైరు వైపుకు నొక్కుకుపోతుంది, గాలి జారిపోతుంది. గట్టి మూతే అప్పుడు తలుపుకు అడ్డగడియ. ఐదు రూపాయల వస్తువు. అలాగే నూనె దించే బోల్టులన్నిటికీ బెజ్జాలు వేసి స్టీలు తీగతో ఒకదానికొకటి కట్టాలి. ఒక బోల్టు వదులవబోతే రెండోది బిగుసుకునేలా ఆ తీగ మెలి ఉండాలి. ఊడిన బోల్టు నుంచి నూనె కారితే ఎక్కడ పడుతుంది? సొంత వెనక టైరు మీదే. నా బండికి బెజ్జాలు వెయ్యడానికి రెండు ఆదివారాలు పట్టింది, 1 మి.మీ. డ్రిల్లు బిట్లు తొమ్మిది విరిగాయి. నడిపేవాడి చేతికి తాడు కట్టి, మనిషి పడితే ఇంజను ఆగేలా స్విచ్చి పెట్టాలి. చైను తెగి కాలికి చుట్టుకోకుండా దళసరి రేకు కట్టాలి. పైనుంచి కిందిదాకా తోలు బట్టలు. ఇవన్నీ అయ్యాకే ఇంజను మాట.

ఇంజను మాటకొస్తే లెక్క కొంచెం ఏడిపిస్తుంది. గాలి వేగానికి తలవంచదు. వేగం రెట్టింపు కావాలంటే బలం ఎనిమిది రెట్లు కావాలి. నా బుల్లెట్టు పుట్టుకతో 18 గుర్రాల బండి, నిండా తొక్కితే 110 పోతుంది. 130 పోవాలంటే? ఇరవయ్యే కదా అనిపిస్తుంది, కానీ కావలసింది 30 గుర్రాలు. అందుకే ఉప్పు నేల రేసర్లు ట్యాంకు మీద బోర్లా పడుకుంటారు. 1948లో రోలీ ఫ్రీ అనే ఆయన తోలు బట్టలు గాలికి చిరిగి పోతున్నాయని అవి విప్పేసి, ఈత లాగుతో విన్సెంట్ బండి మీద వెనక్కి కాళ్ళు చాచి పడుకుని 150 మైళ్ళు దాటాడు. ఆ ఫొటో నా షాపులో అంటిస్తే మా ఆవిడ తీయించింది.

బుల్లెట్టు బోరు 70 మి.మీ., స్ట్రోకు 90. పొడుగు స్ట్రోకు. దుక్కిటెద్దు స్వభావం, లాగుతుంది గానీ పరిగెత్తదు. నిమిషానికి 6000 చుట్లు తిప్పామంటే సెకనుకు వంద చుట్లు. పిస్టను సెకనుకు వంద సార్లు పైకి, వంద సార్లు కిందికి. సెకనులో 18 మీటర్లు నడిచి, రెండొందల సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆ ఆగడం తిరగడమే రాడ్డును చంపేది. పాత బుల్లెట్లలో బిగ్ ఎండ్‌కు తేలే బుష్షు ఉండేది, ఆ వేగానికి అది బతకదు. రోలరు బేరింగు వేశాను. ఫ్లైవీలు రెండు దిమ్మెలనూ లేత్ మీద సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజీ ముల్లు చూస్తూ, రాగి సుత్తితో ఒక్కో దెబ్బ వేస్తూ ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, లోపలికి తెచ్చాను. ఆ పని చేస్తున్నప్పుడు షాపులో రేడియో కూడా పెట్టను. కంప్రెషను ఆరున్నర నుంచి ఎనిమిదిన్నరకు పెంచాను. ఇక అక్కడి నుంచి కిక్కు కొట్టడం ఒక పూజ. అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా నెమ్మదిగా తొక్కి, డీకంప్రెషను లివరు పట్టి కొంచెం దాటించి, అప్పుడు ఒకే దెబ్బ. తొందరపడితే తిరగదన్నుతుంది. పోయినేడాది కుడి మడమ కమిలిపోయి వారం రోజులు కుంటాను.

తప్పు కూడా చెప్పుకోవాలి కదా. కొత్త పిస్టనుకు నేను రెండు థౌల సందు ఇచ్చాను. నాలుగు ఇవ్వాలి. నలభై ఏళ్ళుగా అందరి బండ్లకూ బోరింగు చేస్తున్న చెయ్యి నా బండి దగ్గరికొచ్చేసరికి పిసినారి అయింది. సందు తక్కువైతే కంప్రెషను నిలుస్తుందన్న ఆశ. కైకలూరు వైపు మా బంధువుల చేపల చెరువుంది, గట్టు మీద కిలోమీటరు పైన తిన్నటి సొంత బాట. అక్కడ పొద్దున్నే తీశాను. మూడో గేరు దాటి టాపులో పడ్డాక బండి ఊపిరి బిగబట్టినట్టయింది. శబ్దం సన్నబడింది. నా ఎడమ చేతి వేళ్ళు అలవాటుకొద్దీ క్లచ్చి మీదే ఉన్నాయి కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. పట్టేలోపే వెనక చక్రం రెండు గజాలు ఈడ్చింది. ఒకపక్క రొయ్యలు, ఒకపక్క చేపలు, మధ్యలో నేను. ఇంటికి తెచ్చి హెడ్డు విప్పితే పిస్టను పిన్నుకు రెండు వైపులా గోళ్ళతో రక్కినట్టు చారలు. అల్యూమినియం వేడికి ఇనుముకన్నా ఎక్కువ పెరుగుతుందని కుర్రాళ్ళకు రోజూ చెప్పేది నేనే. మా హెల్పరు ఆ పిస్టను చేతిలోకి తీసుకుని, "గురువుగారూ, దీన్ని సంచిలో వెయ్యమంటారా, నైవేద్యంలో పెట్టమంటారా?" అన్నాడు. వాడూ ఆ సినిమా చూశాడు.

ఆ తరవాత ఉప్పు మీద నిజంగా నిలబెట్టి చూడాలనిపించింది. మనకు ఉప్పు లేకనా! చినగంజాం కొఠార్లకు వెళ్ళాను. వేసవిలో ఆ మడులు చూస్తే కళ్ళు చెదురుతాయి, నేలంతా తెలుపు. కానీ బొన్నెవిల్ ఉప్పూ మన ఉప్పూ ఒకటి కాదు. అక్కడ చలికాలంలో పల్చగా నీరు నిలుస్తుంది, వేసవికి ఆవిరైపోతుంది, గాలికి చదునై ఉప్పు పెచ్చు గట్టి పడుతుంది. ఆ పెచ్చు మీద లారీలు కూడా తిరుగుతాయి. మనది మడిలో సముద్రపు నీరు పెట్టి పండించే పంట. అడుగున నల్ల బురద, పైన గవ్వంత మందం గింజ. గట్టు దిగి స్టాండు వేశానో లేదో కాలు జానెడు దిగిపోయింది, బండి నా మీద వాలింది. పలుగుకర్రతో ఉప్పు గుంజుతున్న ఒక పెద్దామె పరిగెత్తుకొచ్చి రెండో వైపు పట్టుకుంది. "ఇనప ముక్కని ఉప్పులోకి తెస్తావేంటయ్యా, తినేస్తది" అంది. "తినదమ్మా, ఇది ఒకసారి తిని ఉమ్మేసిన బండి" అన్నాను. మామయ్య కథ చెప్పాను. ఆమె కాసేపు ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడింది. వాళ్ళ వాళ్ళలో ఎవరు పోయారో నేను అడగలేదు.

ఆ ఉప్పు నేల కూడా శాశ్వతమేం కాదు. బొన్నెవిల్‌లో ఏటా ఆగస్టులో జరిగే స్పీడ్ వీక్‌ను 2014లోనూ 2015లోనూ రద్దు చేశారు, 2022లో మళ్ళీ. నేల తడిసిపోయింది. ఉప్పు పెచ్చు కూడా ఏటికేడు పల్చబడుతోందని అక్కడి రేసర్ల గోల. కాబట్టి ఉప్పే ఉండాలన్న పట్టు నాకు లేదు. కావలసింది తిన్నగా, చదునుగా, ఖాళీగా ఉన్న నేల.

అది చినగంజాం నుంచి ఎంతో దూరంలో లేదు. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద విమానాలు అత్యవసరంగా దిగడానికి రన్‌వే కట్టారు. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు, సిమెంటు కాంక్రీటు. 2022 డిసెంబరు 29న ఒకసారి, 2024 మార్చి 18న ఒకసారి వాయుసేన అక్కడ పరీక్షలు జరిపింది. ట్రాఫిక్ పక్కకు మళ్ళించారు, జనం పొలాల గట్ల మీద నిలబడి చూశారు, అయిపోయాక దారి మళ్ళీ లారీలకు వదిలారు. యుద్ధ విమానం కోసం కొన్ని గంటలు ఆపగలిగిన దారిని, ఏడాదికి ఒక్క పూట, సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం పొద్దున, పాత బండ్ల కోసం ఆపలేమా? వాయుసేనా హైవే వాళ్ళూ కాదంటే ఇంకోటి చూపించండి. రాష్ట్రంలో తిన్నటి నేల అదొక్కటే కాదు.

చట్టం ఒప్పుకోదు అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా పక్క సందులో ఉండే ప్లీడరు గారి గుమాస్తా మోటారు వాహనాల చట్టం తెచ్చి 189వ సెక్షను చదివి వినిపించాడు. బహిరంగ స్థలంలో మోటారు బండ్లతో పందెం గానీ వేగ పరీక్ష గానీ పెడితే నేరం. నిజమే. కానీ ఆ వాక్యం మొదట్లోనే ఇంకో ముక్క ఉంది: రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా చేస్తేనే. అంటే చట్టం రాసినవాళ్ళు తలుపు పెట్టారు, గడియ రాష్ట్రం చేతిలో ఉంచారు. ఆ గడియ తియ్యమనే నేనడుగుతున్నది. తీసే పద్ధతి చూడ్డానికి మోటారు క్రీడల సమాఖ్య చెన్నైలో ఉంది, వాళ్ళు దేశమంతా ర్యాలీలకూ రేసులకూ నిబంధనలు చూస్తూనే ఉన్నారు.

రెండో చిక్కు బండిది. 2021 జులైలో కేంద్రం పాత బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషను తెచ్చింది. 50 ఏళ్ళు దాటి ఉండాలి, నంబరులో 'వీఏ' అని వస్తుంది, కొత్తగా తీసుకోవడానికి 20,000 రూపాయలు. మంచిదే. కానీ బండి కంపెనీ నుంచి వచ్చినప్పటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పు ఉండకూడదు. నేను కంప్రెషను పెంచాను, బిగ్ ఎండ్ మార్చాను. కాబట్టి నా బండి వింటేజ్ కాదు. ఉన్నది ఉన్నట్టు మామూలు బండిగా ఉంచుదామంటే 52వ సెక్షను ప్రకారం కాగితంలో ఉన్నదానికీ బండికీ తేడా ఉండకూడదు. 20 ఏళ్ళు దాటిన మోటారు సైకిలు రిజిస్ట్రేషను రెన్యువలుకు 2025లో ఫీజు 2,000 చేశారు. అది కడతాను, పేచీ లేదు. నా పేచీ ఏమిటంటే, మన నిబంధనల్లో పాత బండికి రెండే గతులు: గాజు పెట్టెలో బొమ్మ కావాలి, లేదంటే తుక్కు కావాలి. మన్రో గనక పటమటలో పుట్టి ఉంటే ఆయన ఇండియన్‌ను ఏ ఖానాలో రాసేవాళ్ళు? రోడ్డు ఎక్కదు, ట్రాలీ మీద వెళ్ళి ట్రాలీ మీద వస్తుంది, పరుగు పరుగులో మాత్రమే అని రాసి ఇచ్చే మూడో ఖానా ఒకటి పెడితే పోయేదేముంది?

కుర్రాళ్ళు చస్తారు అనే మాట ఎవరైనా అంటారని తెలుసు. ఇప్పుడు చావడం లేదా? రాత్రి పన్నెండు దాటాక కరకట్ట మీదా అమరావతి రోడ్ల మీదా వాళ్ళు ఎలా పోతారో ఆ దారిన ఇళ్ళున్నవాళ్ళను అడగండి. మర్నాడు ఆ బండ్లు నా దగ్గరికే వస్తాయి. ఫోర్కులు వంగి, హ్యాండిలు మీద రక్తం తుడిచీ తుడవనట్టుంటుంది. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కిస్తే ఫొటో బాగుంటుంది, కుర్రాడు వారానికి ఇంకోటి కొంటాడు. ఉప్పు నేల పరుగు అలాంటిది కాదు. పక్కపక్కన ఇద్దరు పరిగెత్తరు. ఒక్కో బండి విడిగా పోతుంది, గడియారం చూస్తుంది, అంతే. ఎదురుగా బండి లేదు, మలుపు లేదు, కుక్క అడ్డం రాదు. లైను దగ్గరికి రాకముందే వాల్వు మూత నుంచి తోలు చొక్కా దాకా చూసి, ఒక్కటి తగ్గినా వెనక్కి పంపేస్తారు. ఒక్కసారి అలా వెనక్కి పంపించుకున్న కుర్రాడు ఆ రాత్రి కరకట్ట మీదికి వెళతాడా? కొందరు వెళతారు. అందరూ వెళ్ళరని నా నమ్మకం, మా షాపు కుర్రాళ్ళను చూసి అంటున్నాను.

ఇదంతా పరాయి సరదా అనేవాళ్ళకు ఒక సంగతి గుర్తు చేస్తాను. మన గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల్లో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు జరుగుతాయి కదా. అక్కడ ఒక జత ఇంకో జతతో పక్కపక్కన లాగదు. ఒక్కో జత విడిగా, కట్టిన సమయంలో, ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. పాలపళ్ళ గిత్తలు, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని వరసలుంటాయి. ఎవరి పళ్ళు వాళ్ళ వరసలోనే. బొన్నెవిల్‌లోనూ అచ్చం ఇంతే. ఇన్ని సీసీలు, ఇలాంటి ఫ్రేము, ఇలాంటి పెట్రోలు అని వరసలు, పాత ఇంజన్లకు వేరే వరస. ఒక వరసలో గొప్పవాడు ఇంకో వరసలో లెక్కలోకి రాడు. గిత్త నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టే మా తాత ఉంటే, ఆ రూలు పుస్తకం నాకన్నా ముందే అర్థం చేసుకునేవాడు. 2018లో 18 ఏళ్ళ కేలా రివాస్ అనే అమ్మాయి మన చెన్నై రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 650 బండిని, రేసుకోసం తీర్చిదిద్దినదాన్ని, ఆ ఉప్పు మీద గంటకు 150 మైళ్ళు దాటించి వాళ్ళ వరసలో రికార్డు పెట్టింది. బండి మనది, నేల వాళ్ళది.

నా లెక్క వేరే. నా వరసలో నేనొక్కణ్ణే ఉన్నా ఫరవాలేదు. గేరుబాక్సు స్ప్రాకెట్ 16 పళ్ళుంటే, 5500 చుట్ల దగ్గర నా బండి 126 పోతుంది. 17 వేస్తే అదే చుట్లకు 134. కానీ ఆ పదిహేడో పన్ను వేశాక బండి ఎత్తుకోవడానికి టైము పడుతుంది. టాపులో పడి, ఊపిరి తీసుకుని, నెమ్మదిగా ముల్లు ఎక్కడానికి రెండు కిలోమీటర్లైనా కావాలి, ఆగడానికి ఇంకో కిలోమీటరు. బెంజి సర్కిల్లో ఆ స్ప్రాకెట్‌తో తిరిగితే క్లచ్చి ప్లేట్లు మాడిపోతాయి. పిస్టను మళ్ళీ వేశాను, ఈసారి నాలుగు థౌలు. తీగలన్నీ కట్టి ఉన్నాయి. వాల్వు మూతలు ఇత్తడివి. పదిహేడు పళ్ళది మాత్రం మేకుకే ఉంది, వారానికోసారి కాగితం మార్చి నూనె రాస్తున్నాను.